అప్పా అని పిలిస్తే ఎవరు పలుకుతారు?

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో సాయంత్రం కూరగాయల బండి ఆగే సందు ఒకటుంది. ఓ రోజు అక్కడ ఏడేళ్ల పిల్ల చేతిలో కొత్తిమీర కట్ట పట్టుకుని, గుంపులో తనవాళ్లు కనబడక, "అప్పా! అప్పా!" అని గట్టిగా కేక వేసింది. ముగ్గురు తిరిగి చూశారు. టమాటాలు ఏరుతున్న తమిళాయన తన కూతురు పిలిచిందనుకున్నాడు. పాల ప్యాకెట్ కోసం నిలబడ్డ ఉర్దూ ఇంటి అమ్మాయి తన తమ్ముడేమోనని చూసింది. మూడో మనిషి, పదిహేనేళ్ల అమ్మాయి, "ఇక్కడే ఉన్నానే" అంటూ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఆ పిల్ల పిలిచింది అక్కని.

తిరిగి చూసిన ముగ్గురిలో ఒక్కరూ పొరబడలేదు. వాళ్ల వాళ్ల ఇళ్లలో ఆ పిలుపు వాళ్లదే. రెండక్షరాల ఈ మాట వెంట నడిస్తే ఎక్కడెక్కడికి చేరతామో, దారిలో ఎన్ని చుట్టాల మాటలు ఎదురవుతాయో చూద్దాం.

సరైన చోటే మొదలు

ఇలాంటి కథ మొదలవడానికి పద్మారావు నగర్ తగిన చోటు. ఒకప్పుడు దీన్ని వాకర్ టౌన్ అనేవారు. తర్వాత దివాన్ బహదూర్ పద్మారావు ముదలియార్ పేరు వచ్చింది. ముదలియార్ అన్న మాటలోని 'ముదల్' అంటే తమిళంలో మొదటిది అని అర్థం. అది మన 'మొదలు'కి తోబుట్టువు. కంటోన్మెంటుతో పాటు వచ్చి స్థిరపడిన తమిళులు, రైల్వే ఉద్యోగాలకి వచ్చిన ఆంధ్ర జిల్లాల వాళ్లు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలంగాణ కుటుంబాలు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు, అన్నీ కూతవేటు దూరంలోనే. స్కందగిరి గుడి మెట్ల మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, నాలుగు భాషల్లో నాన్నని పిలవడం వినొచ్చు.

ఎక్కువ ఇళ్లు తిరిగిన మాట: అప్ప

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో అప్ప అంటే అక్క. తమిళంలో, కన్నడంలో నాన్న. అనంతపురం వైపు వెళితే "ఏమప్పా, బాగుండావా?" అని మగవాళ్లని ఆప్యాయంగా పలకరించే మాట. అంటే తెలుగు నేల ఈ చివర ఆడపడుచు, ఆ చివరకి వెళ్లేసరికి మగమనిషి. ఇవన్నీ ఒకే ద్రావిడ వేరు నుంచి వచ్చినవే. పెద్దవాళ్లని గౌరవంగా, దగ్గరితనంతో పిలిచే మాట ఒక్కో ఊళ్లో ఒక్కో పెద్ద దగ్గర స్థిరపడింది.

దేశం దాటితే అసలు వింత. కొరియా వాళ్లకి అప్పా అంటే నాన్న. కొరియన్ సీరియల్స్ చూసే మన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. హంగేరీలో 'అపా' కూడా నాన్నే. కిర్గిజ్ భాషలో అపా అంటే అమ్మ. రొమేనియాలో 'అప' అంటే నీళ్లు. ఇండోనేషియాలో 'అపా' అంటే "ఏమిటి?" అన్న ప్రశ్న. కొంచెం మార్చి 'అప్పి' అంటే ఫిన్లండ్‌లో మామగారు. పక్కనే ఉన్న ఎస్టోనియాలో ఎవరైనా "అప్పీ!" అని అరిస్తే పరుగెత్తాలి, అది "కాపాడండి!" అన్న కేక.

కొరియన్‌కీ మన భాషలకీ ఉన్న ఇలాంటి పోలికలు చూసి హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ ఆశ్చర్యపోయాడు. కొరియన్‌నీ ద్రావిడ భాషలనీ పక్కపక్కన పెట్టి 1905లో ఏకంగా ఒక తులనాత్మక వ్యాకరణమే అచ్చు వేయించాడు. రెండూ ఒకే కుటుంబమన్న మాట తర్వాతి పండితుల దగ్గర నిలబడలేదు. ఆ పోలికలు మాత్రం ఇప్పటికీ వినేవాళ్లని నిలబెట్టేస్తాయి.

వేర్లు వేరు, పూత ఒకటి: ఆపా

సందులో తిరిగి చూసిన ఉర్దూ ఇంటి అమ్మాయిని మర్చిపోవద్దు. ఉర్దూలో ఆపా అంటే అక్క. అది తుర్కీ భాషల నుంచి వచ్చిన మాట. శ్రీకాకుళం అప్ప ద్రావిడ మాట. మధ్య ఆసియా నుంచి ఒకటి, నాగావళి ఒడ్డు నుంచి ఒకటి బయల్దేరి, చుట్టరికం లేకపోయినా, ఒకే సందులో ఒకే అర్థంతో కలుసుకున్నాయి. తమిళ అప్పాది మన అప్పతో ఒకే రక్తం, అర్థం మాత్రం వేరు. ఉర్దూ ఆపాది వేరే రక్తం, అర్థం మాత్రం ఒకటే. మాటల లోకంలో ఉన్న రెండు పెద్ద వింతలూ ఆ కూరగాయల బండి దగ్గర ఒక్క కేకలో వినబడ్డాయి.

ఒకే పేరులో ఇద్దరు పెద్దలు: అప్పయ్య

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథ అందరికీ తెలుసు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడు. ఆ రోజుల్లో కలరా జనాన్ని ఊడ్చేస్తుంటే, జబ్బు తగ్గితే తన ఊళ్లో అమ్మవారిని నిలుపుతానని మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కర్ర విగ్రహం ప్రతిష్ఠించాడు. లష్కర్ బోనాలకి మొదలు అదే.

ఆయన పేరు విడదీస్తే అప్ప, అయ్య. రెండూ పెద్దల్ని పిలిచే మాటలే. తెలంగాణ పల్లెల్లో అవ్వ, అయ్య అంటే అమ్మానాన్నలు. అదే అవ్వ రాయలసీమకి వెళితే నాయనమ్మో అమ్మమ్మో అవుతుంది. అయ్య సముద్రం దాటి సింహళానికి వెళితే అన్న అవుతాడు. సింహాచలం అప్పన్న పేరులోనూ ఈ అప్పే ఉంది. అక్కడ అన్న కూడా తోడయ్యాడు. దేవుణ్ణి కూడా ఇంటి మనిషిని చేసుకోవడం ఉత్తరాంధ్ర వాళ్ల అలవాటు.

సైన్యం నుంచి నాలుక దాకా: లష్కర్

1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయిన ఊరిని జనం ఇప్పటికీ లష్కర్ అంటారు. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసు, ఇంగ్లీషు ఓడలెక్కి 'లాస్కర్' అయ్యేసరికి ఆ మాటకి భారతీయ ఓడ కళాసీ అని అర్థం వచ్చింది. అదే మాట మన ఇరిగేషన్ శాఖలో లస్కరు. కాలువ గట్టు మీద తిరుగుతూ, గండి పడకుండా కాపలా కాస్తూ, తూము ఎత్తి దించే మనిషి. కత్తి పట్టిన మాట తెడ్డు పట్టింది, చివరికి పొలాలకి నీళ్లు పెట్టింది.

దక్షిణ అమెరికాలోని చిలీలో 'లాస్కర్' అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 5,592 మీటర్లు. 1993లో పేలినప్పుడు దాని బూడిద వెయ్యికి పైగా కిలోమీటర్ల అవతల ఉన్న బ్యూనస్ ఎయిర్స్ దాకా వెళ్లింది. ఆ పేరుకి మన లష్కర్‌తో ఏ సంబంధమూ లేదు. అది అటకామా ఎడారి ప్రజల కున్సా భాషలో నాలుక అన్న మాట నుంచి వచ్చింది. ఆ కున్సా ఇప్పుడు ఎవరి నాలుక మీదా లేదు. భాష పోయింది, నాలుక అన్న దాని మాట ఒక్కటి కొండ పేరుగా మిగిలింది.

చేరిన చోటల్లా వయసు మారే మాట: అమ్మ

ఐస్‌లండ్‌లో పిల్లలు "అమ్మా" అని పిలిస్తే పలికేది అమ్మ కాదు, అమ్మమ్మో నాయనమ్మో. అరబ్బీలో 'అమ్మ' అంటే మేనత్త. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ భాషలో 'అమా' మనలాగే అమ్మ. జపాన్‌లో 'అమా' అంటే సముద్రంలో మునిగి గవ్వలు, ముత్యపు చిప్పలు ఏరి తెచ్చే ఆడమనిషి. ఘనాలో అకాన్ జనంలో శనివారం పుట్టిన ఆడపిల్లకి పెట్టే పేరు 'అమా'.

మనింట్లోనూ దీనికి ఇంకో ముఖం ఉంది. "ఆ పొలం అమ్మ దలచుకోలేదు" అన్నప్పుడు అమ్మ అంటే విక్రయించడం. ఒకే ధ్వని. ఒకటి అమ్మడానికి వీల్లేనిది, ఇంకోటి అమ్మకమే. తెలుగు పిల్లలు ఈ రెంటినీ తడబడకుండా వాడుకుంటారు.

అర్థం పూర్తిగా తలకిందులైన మాట: మామ

జార్జియా దేశంలో 'మామా' అంటే నాన్న. అమ్మని 'దేదా' అంటారు. రాజధాని త్బిలిసీ కొండ మీద 1958లో నిలబెట్టిన 20 మీటర్ల స్త్రీ విగ్రహం పేరు 'కార్త్‌లిస్ దేదా', అంటే జార్జియా తల్లి. ఒక చేతిలో శత్రువుకి కత్తి, ఇంకో చేతిలో అతిథికి ద్రాక్షసారా గిన్నె. ప్రపంచంలో చాలా చోట్ల మామా అంటే అమ్మే. చైనా, తూర్పు ఆఫ్రికా, యూరప్‌లో ఎక్కువ భాగం అంతే. ఆండీస్ పర్వతాల కెచువా వాళ్లు భూదేవిని పచమామా అంటారు. మనకి మాత్రం మామ అంటే అమ్మకి అన్నో తమ్ముడో, లేదా పిల్లనిచ్చిన పెద్దమనిషి. హైదరాబాద్ కుర్రాళ్లకి ప్రాణస్నేహితుడు.

జబ్బుకి పెట్టిన గొప్ప గౌరవం

కొరియాలో ఒకప్పుడు 'మామా' రాజకుటుంబం వాళ్లని పిలిచే బిరుదు. అదే మాట మశూచికి కూడా పేరు. కోపం తెప్పిస్తే ప్రాణం తీసే జబ్బుని పేరు పెట్టి పిలవడానికి భయపడి, రాచమర్యాదతో "మామా వచ్చారు" అన్నట్టు చెప్పుకునేవారు.

మన ఇళ్లలో ఏమనేవారో గుర్తు చేసుకోండి. "అమ్మవారు పోసింది", "తల్లి వచ్చింది". గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో పోపు మానేసి, ఇంటికొచ్చిన ఆడపడుచుకి చేసినట్టు మర్యాదలు చేసేవారు. వేల మైళ్ల దూరాన ఒకరికొకరు తెలియని రెండు జాతులు ఒకే భయాన్ని ఒకేలా మర్యాదగా మార్చుకున్నాయి. ఈ వరసలో నన్ను ఎక్కువ కదిలించిన పోలిక ఇదే. మిగతావి ధ్వనుల కలయికలు. ఇక్కడ కలిసింది తల్లుల భయం. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. ఆటలమ్మ అన్న పేరు మాత్రం చిన్న జబ్బుకి ఇంకా నిలిచి ఉంది.

మూడు తరాలని మోసిన మాట: బాబు

తెలుగులో బాబు అంటే ఒళ్లో పసివాడు. ఉత్తరాంధ్రలో "మా బాబు" అంటే మా నాన్న. తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో బాబు అంటే తాత. మనవడు, కొడుకు, తాత ముగ్గురూ ఒకే పేరు పంచుకున్నారు.

స్వాహిలీలో ఇంకో విశేషం 'దాదా'. హిందీలో దాదా నాన్నకి నాన్న. బెంగాలీలో అన్న. మన సినిమాల్లో బస్తీ రౌడీ. స్వాహిలీలో అదే దాదా అక్కచెల్లెలు.

గబగబా చెప్పుకునేవి కొన్ని

తాత: సంస్కృతంలో తండ్రి. పోలండ్, రొమేనియాల్లోనూ తండ్రే. దక్షిణాఫ్రికాలో ఖోసా భాష వాళ్లు నెల్సన్ మండేలాని 'తాతా' అని పిలుచుకున్నారు, అంటే నాన్న.

అత్త: నాలుగో శతాబ్దంలో బిషప్ ఉల్ఫిలా గోతిక్ భాషలోకి బైబిల్ దించాడు. అందులో పరలోక ప్రార్థన మొదటి మాట 'అత్త'. అర్థం తండ్రి. తుర్కీలో 'అతా' కూడా తండ్రే. ముస్తఫా కెమాల్‌కి 1934లో ఇచ్చిన అతాతుర్క్ అన్న ఇంటిపేరులో ఉన్నది అదే.

అక్క: ఉజ్బెక్ భాషలో 'అకా' అంటే అన్న. ఫిన్లండ్‌లో 'అక్కా' అంటే ముసలమ్మ. జపాన్‌లో 'అకా' అంటే ఎరుపు.

నాన్న: హిందీ, ఉర్దూల్లో నానా అమ్మకి నాన్న. జపాన్‌లో 'నానా' అంటే ఏడు. జపాన్ వాళ్లు తమ నాన్న గురించి బయటివాళ్లతో చెప్పేటప్పుడు 'చిచి' అంటారు, అమ్మని 'హహ' అంటారు.

ఆయా: ఆస్పత్రిలో, పిల్లల బడిలో మనం చూసే ఆయా పోర్చుగీసు మాట. దాది అని అర్థం. మలయ్, ఇండోనేషియన్ భాషల్లో 'అయా' అంటే నాన్న. ఉర్దూలో ఆయా అంటే వచ్చాడు.

గుంట: ఉత్తరాంధ్రలో ఆడపిల్ల. మిగతా చోట్ల గొయ్యి. తెలంగాణలో భూమి కొలత. గుంట అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. "మా గుంటకి పెళ్లి కుదిరింది" అని విజయనగరం ఆవిడ చెబితే వినే వరంగల్ మనిషి ఒక్క క్షణం ఆగాల్సిందే.

పెదవులు కలపకుండా కవిత్వం

అప్ప, అమ్మ, బాబు, మామ: ఇవన్నీ పెదవులు కలిస్తేనే పుట్టే మాటలు. పెదవులు కలపకుండా భాష నడుస్తుందా? నడుస్తుంది. ఉత్తర అమెరికాలోని హ్యూరన్, మోహాక్ లాంటి ఇరక్వాయన్ కుటుంబపు భాషల్లో ప, బ, మ లకి చోటే లేదు. ఫ్రెంచి యాత్రికుడు లాహోంతాన్ ఒక హ్యూరన్ మనిషి చేత పెదవుల అక్షరాలు పలికించడానికి నాలుగు రోజులు కష్టపడ్డానని 1703లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. మాట్లాడుతూ నోరు మూసుకోవడం ఏమిటని ఆ మనిషికి వింతగా తోచిందట.

అడవిలో పుట్టిన ఆ భాషలకి సహజంగా వచ్చిందాన్ని మన కవులు పట్టుబట్టి సాధించారు. సంస్కృతంలో దండి రాసిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడి పెదవి ప్రియురాలి పంటిగాటుతో నొప్పెడుతుంటుంది. అందుకని తన కథంతా పెదవుల అక్షరాలు లేకుండా చెబుతాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు కుతుబ్ షాహీల కాలంలో ఇలాంటి నిరోష్ఠ్య కావ్యమే రాశారు. రాముడి కథ రాయాలి, 'రాముడు' అనకూడదు. మకారం వచ్చినా ఉకారం వచ్చినా పెదవి కదులుతుంది. అందుకని కావ్యానికి పేరు 'దశరథరాజనందన చరిత్ర'. ఒక్కసారి ఆ పేరుని నెమ్మదిగా పలికి చూడండి. పెదవి పెదవిని తాకదు. కథానాయకుడి పేరు చెప్పకుండానే ఆయనెవరో చెప్పేసింది ఆ ఒక్క మాట.

ఇలాంటి కావ్యంలో అమ్మకి, అప్పకి, మామకి, బాబుకి ప్రవేశం లేదు. అక్క, అన్న, అత్త, అయ్య, తాత, నాన్న మాత్రం దర్జాగా నడిచి రావచ్చు.

ఇన్ని పోలికలు ఎందుకొచ్చాయి?

దీనికి జవాబు ఇద్దరు పండితుల పనిలో ఉంది. అమెరికన్ మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ ప్రపంచం నలుమూలల భాషల నుంచి అమ్మకి 531, నాన్నకి 541, మొత్తం 1,072 పిలుపులు సేకరించి 1959లో లెక్క తేల్చాడు. అమ్మ పిలుపుల్లో మ, న లాంటి ముక్కు ధ్వనులు ఎక్కువ. నాన్న పిలుపుల్లో ప, బ, త, ద లాంటివి ఎక్కువ.

కారణం చెప్పింది భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్. పాలు తాగే బిడ్డకి పెదవులు మూసి ఉంటాయి, ధ్వని ముక్కు నుంచే రావాలి. ఆ గొణుగుడు మ్‌మ్ అని వినిపిస్తుంది. ఆకలేసినప్పుడూ అదే వస్తుంది, అమ్మ పరుగెత్తుకొస్తుంది. పెదవులు విడితే వచ్చేది ప, బ. బిడ్డ ఎవర్నీ ఉద్దేశించి అనదు. పక్కనున్న పెద్దలే "నన్నే పిలిచింది" అని మురిసిపోయి ఆ ధ్వనిని తమ పేరు చేసుకుంటారు. కిర్గిజ్ ఇంట్లో మురిసింది అమ్మ, హంగేరీలో నాన్న, శ్రీకాకుళంలో చెల్లిని చంకనేసుకు తిప్పిన అక్క.

ఉత్తరాంధ్ర ఇళ్లు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అమ్మ నాట్లకో కోతకో పోతే పిల్లని చూసుకునేది పెద్దపిల్లే. గంజి పట్టేదీ, ఉయ్యాల ఊపేదీ, ఏడిస్తే వీధిలోకి ఎత్తుకెళ్లేదీ ఆమే. మొదటి కూతల్లో ఒకటి ఆమె పేరు కావడం ఆమెకి దక్కవలసిన గౌరవమే.

పోనివ్వకూడని మాట

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోటి మాటలు సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. నాగలికి, కాడికి, తూముకి ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంది. ఆ నాగళ్లు చాలావరకు పోయాయి, మాటలు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. చుట్టాల పిలుపులకి పుస్తకం ఒక్కటే చాలదు. పిలిచే నోరు, పలికే మనిషి, రెండూ ఉంటేనే పిలుపు.

ఊరు వదిలి వచ్చిన ఇళ్లలో మొదట సన్నగిల్లేవి ఈ మాటలే. బడిలో తోటిపిల్లలు "అప్ప ఏంటే? అక్క అనాలి" అంటారు. పిల్ల ఇంట్లో కూడా సర్దుకుంటుంది. అమ్మకీ అది మంచిదేననిపిస్తుంది. ఒక తరంలో మాట అయిపోతుంది. కున్సా భాష కూడా ఇలాగే, ఒక్కో ఇంట్లో ఒక్కో పిలుపు తగ్గుతూనే పోయి ఉంటుంది.

ఇంట్లో అప్ప అనే పిల్ల ఉంటే అననివ్వండి. బడికి అక్క, ఇంటికి అప్ప, రెండూ ఒకే నాలుక మీద హాయిగా ఉంటాయి. పక్కింటి తమిళ పిల్లకీ ఎదురింటి ఉర్దూ పిల్లవాడికీ ఆ మాటకి అర్థమేమిటో చెప్పనివ్వండి. వాళ్ల మాటకి అర్థమేమిటో అడగనివ్వండి. ఆ రోజు బండి దగ్గర సంగతి తెలిశాక తమిళాయన నవ్వి, ఆ చిన్నదాని తల నిమిరి, "మా అమ్మాయి కూడా ఇంత గట్టిగానే పిలుస్తుందమ్మా" అన్నాడు. చిన్నది అప్ప చెయ్యి వదలకుండా ఆయన టమాటాల సంచీ వైపు చూసి, "మీ అమ్మాయికి కూడా అప్ప ఉందా?" అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఉన్నాడు, నేనే" అన్నాడు.